పది గుళ్ళ మ్యాగజైన్

కిరండుల్,
8 జూలై 2024

తమ్ముడు నందకు సత్యమూర్తి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. చేనుకు కాపలా కాయలేక చస్తున్నానని, పోయినేడు మక్కజొన్నలో సగం కోతులే తిన్నాయని రాశావు. రమణమ్మకు చదివి వినిపించాను. "నందను చివరికి కోతులు కూడా లెక్కచెయ్యడం లేదన్నమాట" అని నవ్వింది. నవ్విందే గాని, ఆ పూటంతా నీ గురించే మాట్లాడింది.

నీ ఫోను నంబరు నా దగ్గరుంది. ఉండి ఏం లాభం? ఉద్యోగంలో మొదటి పదేళ్ళు క్రషర్ దగ్గర గడిపాను, చెవులు అక్కడే పోయాయి. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు గని మందుగుండు కొట్టులో, అదే మన మ్యాగజైన్‌లో, నీతో సైగల మీదే నెట్టుకొచ్చాను కదా. నువ్వు ఫోనులో అరిచి గొంతు పోగొట్టుకోవడం కంటే కాగితమే నయం. పైగా హిందీ బడిలో చదివి పనిలోకి వచ్చిన నిన్ను ఆ కొట్టు గుమ్మంలో కూర్చోబెట్టి అ ఆలు దిద్దించింది నేను. ఆర్నెల్లు తిరక్కుండానే ఇష్యూ రిజిస్టరు తెలుగులో రాసి మేనేజరు చేత నాకు తిట్లు తినిపించావు. అంత కష్టపడి నేర్పిన అక్షరాలు వాడకపోతే తుప్పు పడతాయి.

అసలు సంగతికి వస్తాను. మొన్న విశాఖ వెళ్ళినప్పుడు నీ కోసం ఒక గాలి తుపాకీ తెచ్చాను. కోతిని కొట్టడానికి కాదు సుమా. చేలో అక్కడక్కడా పాత రేకులు వేలాడదీసి వాటిని కొట్టు. ఆ మోతకే పారిపోతాయి, ఆంజనేయుడికీ నీకూ పేచీ ఉండదు. దీనికి మ్యాగజైన్ ఉందిరా నందా! మన మ్యాగజైనంటే ముళ్ళకంచె, రెండు తాళాలు, గుమ్మంలో కాపలా. ఇదేమో అగ్గిపెట్టెంత. లోపలి చక్రంలో పది సీసం గుళ్ళు కూరి తుపాకీ నెత్తిన గుచ్చితే చాలు. గొట్టం విరిచి మూసిన ప్రతిసారీ లోపలి స్ప్రింగు ఎక్కుతుంది, ఒక గుండు దానంతటదే గొట్టంలోకి పోతుంది. చేత్తో ముట్టుకోనక్కర్లేదు.

జీపు నడిపే వినోద్ ఈ వారం భోపాల్‌పట్నం వస్తున్నాడు, అతనికిచ్చి పంపుతున్నాను. ముందు ఠాణాలో ఒక మాట చెప్పి తర్వాత ఇంటికి తీసుకెళ్ళు. మన అడవిలో భుజాన తుపాకీ ఆకారం కనిపిస్తే ఎవరు ఏమనుకుంటారో నీకు చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. గనిలో పెద్ద డంపర్లు నడపడానికి ఈ జిల్లాల ఆడపిల్లలకు శిక్షణ ఇస్తున్నారు. నీ కూతురు లక్కే పన్నెండు పాసైంది, ట్రాక్టరు నీకంటే బాగా తోలుతుందని నువ్వే చెప్పావు. దరఖాస్తు పెట్టించు. ఉండటానికి మా ఇల్లుంది. పిల్లలు లేని ఇల్లు, రమణమ్మకు తోడుగా ఉంటుంది.

నీ అన్న,
సత్యమూర్తి


తర్లగూడ,
2 ఆగస్టు 2024

సత్యమూర్తి అన్నగారికి నంద నమస్కారాలు.

కాగితం మీద నాకు మీ బొబ్బిలి తెలుగే వస్తుంది, నోరు తెరిస్తే మాత్రం మా ఊరి మాటే. నేను రాస్తుంటే సమ్మక్క పక్కన నిలబడి, "ఏంది, అన్నకు రాసేటప్పుడు పెద్ద ఆఫీసర్ లెక్కనే కూసుంటవు" అని ఎక్కిరిస్తోంది.

తుపాకీ అందింది. ఠాణాలో రెండు గంటలు కూర్చోబెట్టారు. అటూ ఇటూ తిప్పి చూసి, పిచ్చుకల్ని కొడతావా అని నవ్వి, పేరు రాసుకుని పంపించారు. చేలో ఆరు రేకులు కట్టాను. మొదటి రోజే పెద్ద గుంపు వాగు దాటి పారిపోయింది.

మ్యాగజైన్ సుఖం మాటల్లో చెప్పలేను. పక్క చేను మంగల్ దగ్గర పాత రకం తుపాకీ ఉంది. ఛర్రాలు, అదే మీరన్న సీసం గుళ్ళు, ఒక్కొక్కటే వేలితో గొట్టంలో పెట్టుకోవాలి. వానకు వేళ్ళు తడిసి ఛర్రా జారి బురదలో పడుతుంది. అతను వెతుక్కునేలోపు కోతి కంకి వలుచుకుని తినేస్తుంది. నేను మంచె మీద కూర్చున్నచోటి నుంచే టంగు టంగుమని పది కొడతాను. మంగల్ కడుపు మండిపోతోంది.

కానీ ఒక చిక్కుంది అన్నా. నాలుగో దానికో అయిదో దానికో చక్రం పట్టేస్తోంది. ఒకసారి తిరగలేదేమో అనుకుని గొట్టం మళ్ళీ విరిచాను. రెండు ఛర్రాలు ఒకేసారి వెళ్ళాయి. లోపల ఉందో లేదో పైనుంచి తెలియడం లేదు. మంగల్‌కు ఆ గొడవ లేదు. తన వేలితో తనే పెడతాడు కాబట్టి పెట్టిన సంగతి అతనికి గుర్తుంటుంది. చక్రానికి ఏం చెయ్యాలో రాయండి. ఇంకొకటి, ఇంటికి వచ్చేసరికి ఒక్కోసారి స్ప్రింగు ఎక్కించే ఉంటోంది. అలాగే గోడకు ఆనించవచ్చా?

లక్కే భోపాల్‌పట్నంలో ఇంటర్నెట్ ఉన్న చాయిస్ సెంటర్‌కు వెళ్ళి దరఖాస్తు పెట్టి వచ్చింది. అప్పటి నుంచి ట్రాక్టరు దిగడం లేదు. వెనక్కి నడపడం నేర్చుకుంటున్నానని మా గడ్డివాము చుట్టూ రోజూ తిప్పుతోంది. "కిరండుల్ పెద్దనాయనకు రాయి, డంపర్ చక్రం నా కంటె ఎత్తుంటదా అని అడుగు" అంది. అడిగానని చెప్పాలి కాబట్టి అడుగుతున్నాను.

మీ తమ్ముడు,
నంద


కిరండుల్,
14 ఆగస్టు 2024

తమ్ముడు నందకు దీవెనలు.

డంపర్ చక్రం లక్కే కంటే ఎత్తే. నేను పక్కన నిలబడి ఎన్నోసార్లు కొలుచుకున్నాను, నా టోపీ దాని నడుము దాకా వస్తుంది. భయపడుతుందేమో అడుగు. పడదని నాకు తెలుసు.

నీ చక్రం రోగం కనిపెట్టాను. ఛర్రాల డబ్బాను తెల్లగుడ్డ మీద ఒంపు. ప్రతి గుండుకూ అడుగున పావడాలా విచ్చుకున్న అంచు ఉంటుంది. డబ్బాలో ఒకదాన్నొకటి గుద్దుకుని కొన్నిటి అంచు నొక్కుకుపోతుంది. అలాంటివన్నీ ఏరి పారెయ్. అవే అడ్డం పడి చక్రాన్ని ఆపుతున్నాయి. మ్యాగజైన్‌కు నూనె మాత్రం వెయ్యకు, దుమ్ము పట్టి ముద్దయిపోతుంది. పాత పళ్ళ బ్రష్షుతో దులుపు చాలు. పట్టేసినప్పుడు బలవంతంగా తిప్పకు. ఊడదీసి, వంకర గుండు తీసేసి, మళ్ళీ పెట్టు.

స్ప్రింగు ఎక్కించి గోడకు ఆనించావంటే నాలుగు వారాల్లో సడలిపోతుంది. ఇంటికి రాగానే మొదట మ్యాగజైన్ ఊడదీసి చేతిలో పట్టుకో. మ్యాగజైన్ చేతిలో ఉందంటే మందంతా చేతిలో ఉన్నట్టే. ఈ మాట నీకు కొత్తగా చెప్పాలా? మ్యాగజైన్‌కు తాళం పడితే గని మొత్తం నిశ్చింతగా ఉండవచ్చని ఇన్నేళ్ళూ బతికినవాళ్ళం మనం. తర్వాత ట్రిగ్గరు నొక్కి స్ప్రింగు వదిలెయ్. ఇక అది చేతికర్రతో సమానం. రోజూ ఇలా చేశావంటే తుపాకీ పదేళ్ళు కొత్తగా ఉంటుంది.

లక్కే పేరు జాబితాలో వచ్చింది! నేనే గేటు దగ్గరికి వెళ్ళి చూశాను. సెప్టెంబరు ఇరవైన మెడికల్. కళ్ళ పరీక్ష గట్టిగా చేస్తారట. అంత ఎత్తు మీద నుంచి కింద నిలబడ్డ మనిషి చీమంత కనిపిస్తాడు మరి. మన పిల్లకేం, గద్ద చూపు. పద్దెనిమిదో తేదీకల్లా బయల్దేరదియ్. రమణమ్మ వెనకగది కడిగి, కిటికీకి పరదా కుట్టి, మంచం కూడా వేయించింది. పెళ్ళికూతురు వస్తున్నట్టుంది ఈవిడ హడావుడి.

నీ అన్న,
సత్యమూర్తి


తర్లగూడ,
14 సెప్టెంబరు 2024

అన్నగారికి నమస్కారాలు.

లక్కేకు జ్వరం. ఇరవయ్యో తేదీకి రావడం కుదరదు. వదినను ఏమీ అనుకోవద్దని చెప్పండి. వానలు ఎక్కువగా ఉన్నాయి. తర్వాత రాస్తాను.

నంద


కిరండుల్,
29 సెప్టెంబరు 2024

తమ్ముడు నందకు దీవెనలు.

మూడు ముక్కలు రాసి పంపావు. పోస్టుమాన్ ఇచ్చినప్పుడు ఖాళీ కవరేమో అనుకున్నాను. పిల్లకు జ్వరం తగ్గిందా? ఈ వానల్లో మన వైపు మలేరియా మామూలే, రక్తపరీక్ష చేయించావా? తగ్గాక కూడా వారం రోజులు చేలోకి పంపకు.

మెడికల్ గురించి దిగులు పడొద్దు. నాకు తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను. జ్వరమని చెబితే నవంబరు ఆరుకు మార్చారు. అదే ఆఖరి తేదీ, దాటితే ఆ పేరు కొట్టేసి వెనకవాళ్ళను పిలుస్తారు. నా వయసులో ఇంకొకరి గుమ్మం ముందు నిలబడటం ఎలా ఉంటుందో తెలుసు కదా. లక్కే కోసం కాబట్టి నిలబడ్డాను. కష్టమనిపించలేదు.

మ్యాగజైన్ సంగతి ఒక్క మాటా రాయలేదేం? ఛర్రాలు ఏరావా? చక్రం సాఫీగా తిరుగుతోందా? స్ప్రింగు నేను చెప్పినట్టు వదిలేస్తున్నావా? విశాఖ కుర్రాళ్ళు ఎవరో వస్తుంటే ఇదే తుపాకీకి ఇంకో రెండు మ్యాగజైన్లు తెప్పించాను. ఇవి ఇంకా గట్టివట, ప్లాస్టిక్ బదులు లోపల ఇనుము. మూడూ నింపి జేబులో వేసుకున్నావంటే ముప్ఫై కొట్టేదాకా మంచె దిగక్కర్లేదు. వినోద్ వచ్చినప్పుడు పంపుతాను.

రమణమ్మ ఫోను చేస్తే సమ్మక్క "మంచిగనే ఉన్నం వదినా" అని పెట్టేసిందట. టవరు లేదేమో అంటోంది ఈవిడ. నిజమేనా?

నీ అన్న,
సత్యమూర్తి


తర్లగూడ,
21 అక్టోబరు 2024

సత్యమూర్తి అన్నగారికి నమస్కారాలు.

మీరు మా కోసం పడుతున్న శ్రమ తెలుసు. కానీ లక్కే ఆ పనికి రానంటోంది. మీరు ఇంకెవరికైనా ఆ చోటు ఇప్పించండి. బలవంతం చెయ్యదలుచుకోలేదు.

మ్యాగజైన్లు పంపకండి. మక్కలు కోసేశాం. కోతుల బెడద తీరింది.

వదిన కుట్టిన పరదా ఎవరికైనా పనికొస్తుంది. ఇలా రాసినందుకు కోపం వద్దు.

నంద


కిరండుల్,
15 నవంబరు 2024

నందకు,

దీవెనలు రాయాలో లేదో తెలియక పేరు మాత్రం రాశాను.

ఆరో తేదీన పొద్దున్నే ఆస్పత్రి గేటు దగ్గరికి వెళ్ళాను. నువ్వు వద్దన్నా మనసు మార్చుకుని వస్తుందేమోనని నా పిచ్చి ఆశ. పేర్లు పిలుస్తుంటే నాకు వినబడదు కాబట్టి జాబితా పట్టుకున్న మనిషి పెదాలనే చూస్తూ నిలబడ్డాను. లక్కే పేరు మూడుసార్లు పిలిచాడు. తర్వాత గీత కొట్టాడు. గడ్డివాము చుట్టూ ట్రాక్టరు తిప్పిన పిల్ల రానంటోందని నువ్వు రాస్తే నేను నమ్మాలా? నేను నీకు అక్షరాలు నేర్పింది అబద్ధాలు రాయడానికా?

కసి కొద్దీ రెండు మ్యాగజైన్లూ వినోద్‌కిచ్చి పంపాను, ఎందుకు వద్దన్నావో చూసి రమ్మన్నాను. నిన్న తిరిగొచ్చాడు. పొట్లం విప్పకుండానే నా చేతిలో పెట్టాడు. ఏమిటని అడిగాను. నాకు వినబడదని అతనికి తెలుసు. అరవలేదు. తన ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. "ఎవరికి" అన్నాను. చేత్తో జడ వేసినట్టు చూపించాడు.

ఏం జరిగింది నందా? నేను తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటాను. ఏం జరిగిందో అంతా రాయి.

సత్యమూర్తి


తర్లగూడ,
22 నవంబరు 2024

సత్యమూర్తి అన్నగారికి నంద నమస్కారాలు.

వినోద్‌ను చెప్పొద్దని బతిమాలాను. అతను నోటితో చెప్పలేదు కాబట్టి మాట తప్పలేదనే అనుకోవాలి.

సెప్టెంబరు తొమ్మిది, సోమవారం. సాయంత్రం వానకు ముందు పెద్ద గుంపు దిగింది. ఏడు కొట్టాను. ఎనిమిదో దానికి గొట్టం విరిచి మూశాను, అప్పటికే కోతులు వాగు దాటిపోయాయి. కొట్టలేదు. చినుకులు మొదలయ్యాయని ఇంటికి వచ్చేశాను.

సమ్మక్క పొయ్యి దగ్గరుంది. లక్కే వసారాలో పీట మీద కూర్చుని, మెడికల్ కాగితాలకు అంటించడానికి తన ఫొటోలు కత్తెరతో కత్తిరిస్తోంది. నేను రోజూ చేసినట్టే మ్యాగజైన్ ఊడదీసి ఎడమ చేతిలో పట్టుకున్నాను. మనం షిఫ్టు దిగేటప్పుడు అరిచేవాళ్ళం కదా, అలా "మ్యాగజైన్ బంద్" అని అరిచాను. అది మా ఇంట్లో రోజూ తమాషా. ఆ కేక వినగానే లక్కే నవ్వుతుంది. ఆ రోజూ నవ్వుతూ తల ఎత్తింది. నేను ట్రిగ్గరు నొక్కాను.

చిన్న చప్పుడు అన్నా. రేకు మీద కొడితే ఇంకా పెద్ద చప్పుడు వస్తుంది. లక్కే అరవలేదు. చేతిలో కత్తెర ఉంది కదా, అదే గుచ్చుకుందేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. నా ఎడమ చేతిలో మ్యాగజైన్ ఉంది, ఇక తుపాకీ ఎలా పేలుతుంది?

మంగల్ బండి మీద భోపాల్‌పట్నం తీసుకెళ్ళాం. వాళ్ళు వరంగల్ పంపించారు. అక్కడి డాక్టరుకు చెట్టు కొమ్మ తగిలిందని చెప్పాను. ఆయన లోపలి నుంచి సీసం తీసి, దూదిలో పెట్టి నా చేతికిచ్చాడు. నా మొహం వైపు ఒకసారి చూశాడు. ఎడమ కన్ను తీసేశారు. తర్వాత నేనే ఠాణాకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తుపాకీ వాళ్ళ దగ్గరే ఉంది.

కుడి కన్ను బాగుంది. కానీ చెంబుతో గ్లాసులో నీళ్ళు పోస్తే బయట పడుతున్నాయి. మెట్టు దిగేటప్పుడు కాలితో తడుముకుంటోంది. ట్రాక్టరు వైపు వెళ్ళడం మానేసింది. నాతో మాట్లాడదు. నేను ఎదురుగా ఉన్నా వాళ్ళమ్మతో, "తినమని చెప్పు ఆయనకు" అంటుంది. ఈ రెండు నెలల్లో నాన్నా అని ఒక్కసారి పిలవలేదు.

తప్పు నాది. తుపాకీ మంచిదే, మ్యాగజైన్ మంచిదే. ఛర్రాలు ఏరి పెట్టాక ఒక్కసారి కూడా పట్టెయ్యలేదు. ఆ రోజు కూడా సరిగ్గా పనిచేసింది.

నంద


కిరండుల్,
3 డిసెంబరు 2024

నందా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. అందులో నువ్వు రాయనిది ఒకటుంది. "రోజూ చేసినట్టే" అన్నావు. రోజూ అలా చెయ్యమన్నది ఎవరో రాయలేదు. నేను మర్చిపోతాననుకున్నావా? ఆగస్టులో నా చేత్తో రాశాను. మ్యాగజైన్ చేతిలో ఉంటే మందంతా చేతిలో ఉన్నట్టే అని. ట్రిగ్గరు నొక్కి వదిలెయ్ అని. ఆ మాట దాచడానికి జ్వరమన్నావు, రానంటోందన్నావు, చివరికి నా చేత తిట్లు కూడా తిన్నావు.

తిరిగొచ్చిన మ్యాగజైన్ ఒకటి విప్పి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. చక్రంలో పది తొర్రలు. తొర్రలోది గొట్టంలోకి దూరాక మ్యాగజైన్‌కు దానితో ఏ సంబంధమూ లేదు. ఊడదీసినా లేదు, పెట్టినా లేదు. గుండు గొట్టంలోకి దానంతటదే పోతుందని జూలైలో నీకు గొప్పగా రాసింది నేనే. గనిలో బ్లాస్టింగు చేసేవాణ్ణి ఎవర్ని అడిగినా చెప్పేవాడు, మందు ఒకసారి కొట్టు దాటి రాతిలో తొలిచిన గుంటలోకి చేరాక, కొట్టుకు ఎన్ని తాళాలు వేసినా గుంట పేలే గుంటేనని. మనం ఆ గుంటల దాకా ఎప్పుడూ పోలేదు నందా. తాళం ఒక్కటే చూసుకుని బతికాం. ఆ బుద్ధితోనే నీకు సలహా చెప్పాను, ఆ బుద్ధితోనే నువ్వు నమ్మావు. ఇంకెవరైనా అయితే ఒక్క క్షణం ఆగి అడిగేవారు.

రమణమ్మ మూడు రోజులుగా వెనకగది తలుపు తియ్యలేదు. అన్నం వండుతోంది, ఇద్దరం తినడం లేదు.

కింద లక్కేకు రాశాను. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు కాబట్టి నువ్వే చదివి వినిపించాలి. నాకు హిందీ రాత రాదు. ఇక్కడ ఎవరిచేతనైనా హిందీలో రాయించవచ్చు, అప్పుడు తనే చదువుకుంటుంది. అలా చెయ్యను. నువ్వు దాచింది నీ నోటితోనే బయటికి రావాలి. మధ్యలో ఒక్క ముక్క మింగేసినా నాకు తెలిసే దారి లేదు. మింగకు.

అమ్మా లక్కే, నేను మీ కిరండుల్ పెద్దనాయనను. తుపాకీ పంపింది నేను. మ్యాగజైన్ ఊడదీసి ట్రిగ్గరు నొక్కమని మీ నాన్నకు రాసింది నేను. నాకు తెలియని సంగతిని తెలిసినట్టు రాశాను. మీ నాన్న నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. తర్వాత ఆ సంగతి నీకు చెప్పకుండా, తప్పంతా తన నెత్తిన వేసుకుని, మూడు నెలలుగా నీ ఎదుట తిరుగుతున్నాడు. నువ్వు అతనితో మాట్లాడటం లేదని తెలిసింది. ఆ కోపంలో నాకు రావాల్సింది నాకు పంపించు. నేను క్షమించమని అడగను, ఆ మాట అడగడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది. నా ఆగస్టు ఉత్తరం మీ నాన్న దగ్గరే ఉండి ఉంటుంది. తెచ్చి చూపించమను. నీ డంపరు ఉద్యోగం నా వల్లే పోయింది.

సత్యమూర్తి


తర్లగూడ,
24 డిసెంబరు 2024

సత్యమూర్తి అన్నగారికి నంద నమస్కారాలు.

చదివాను. ఒక్క ముక్క మింగలేదు. కానీ చదవడానికి వారం పైనే పట్టింది. రోజూ జేబులో పెట్టుకుని వసారా దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాణ్ణి. చివరికి సమ్మక్కే, "చదువుతవా, పోస్టుమాన్‌కు తిరిగిచ్చెయ్యమంటవా" అంది.

నిన్న మధ్యాహ్నం చదివాను. లక్కే ఎండలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కత్తిపీటకు దూరంగా, చేత్తోనే. నేను చదువుతున్నంతసేపూ తల ఎత్తలేదు. డంపరు మాట దాకా వచ్చి కాగితం దించేశాను. మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేశాను.

"ఏదీ ఆ కాగితం?" అంది.

సెప్టెంబరు తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది. వెళ్ళి తెచ్చాను. ఛర్రాల డబ్బా అడుగున దాచాను, ఎవరూ ముట్టుకోరని. "ఏలు వెట్టి చదువు" అంది. ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివాను. గుడ్డ మీద ఒంపడం, ఏరడం, నూనె వద్దనడం, బ్రష్షుతో దులపడం, మ్యాగజైన్ ఊడదీయడం, ట్రిగ్గరు నొక్కడం. ఆమెకు తెలుగు అక్షరాలు తెలియకపోయినా నా వేలి వెంబడే చూసింది. బాగా దగ్గరికి వంగి చూడాల్సి వచ్చింది.

చదవడం అయిపోయింది.

"గొట్టం ఎటు దిక్కు వెట్టి నొక్కాల్నో ఏడ రాసిండు?" అంది.

నేను మళ్ళీ మొదటి నుంచి వెతికాను. కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాను. మీరు రాయలేదు అన్నా. ఆ ఒక్కటీ రాయలేదు.

"రాయలే" అన్నాను.

"రాయకపోతే నీకు తెల్వదా?" అంది.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. సమ్మక్క పని ఆపి మా ఇద్దరి వైపూ చూస్తోంది. ఈ మూడు నెలలుగా, మీ పేరు చెప్పేస్తే నా బరువు తగ్గుతుందని నాలోపల ఎక్కడో ఒక ఆశ ఉండేది. చెప్పకుండా ఉండటమే నేను చేసిన మంచి పని అనుకునేవాణ్ణి. ఆమె అడిగిన దానికి మీ ఉత్తరంలో జవాబు లేదు. నా దగ్గరే ఉంది.

"తెలుసు బిడ్డా" అన్నాను. "ఆ దినం గూడ తెలుసు."

నంద